యాసంగి పల్లి: పీకుడు మొదలు విత్తనం దాచేదాకా

శివరాత్రి దగ్గరికొస్తుందంటే మా అచ్చంపేట దిక్కు రోడ్డు మీద శ్రీశైలం నడిచిపోయే స్వాములు కనపడ్తరు, అడివి అంచుకు మోదుగ చెట్లు ఎర్రగ పూస్తయి, చేన్లల్ల పల్లి ఆకు పచ్చదనం తగ్గి పసుపు తిరుగుతది. మాకున్నది మూడెకరాల ఎర్ర చెల్క, ఒక బోరు, గట్టు మీద నాలుగు మామిడి చెట్లు. దసరా అయినంక వారం పది రోజులకు పల్లి పెడ్తం, శివరాత్రి అటూ ఇటూ పీకుతం. మా మామ, అత్తమ్మ, మా ఆయన, నేను, బడి లేనినాడు పిల్లలు, అందరం చేన్లనే ఉంటం ఆ ఇరవై అయిదు రోజులు.

పల్లి గురించి ఎవర్నడిగినా మందులు చెప్తరు, జిప్సం చెప్తరు (పూత మీద ఎకరానికి 200 కిలోలు వెయ్యాలె, అది నిజమే), స్ప్రింక్లర్ ఎన్ని గంటలు తిప్పాల్నో చెప్తరు. పీకినంక ఏం చెయ్యాలె అంటే మాత్రం "ఎండబెట్టి అమ్ముకోండి" అని ఒక్క మాట అంటరు. కానీ నేను పెండ్లయి వచ్చిన కాడికెళ్లి చూస్తున్న, నాలుగు నెలలు మంచిగ పండిన చేను ఆఖరి మూడు వారాల్ల చెడిపోయిన ఇండ్లు మా ఊర్లనే చాన ఉన్నయి. చెడగొట్టేది ఒక్కటే, తడి. అందుకే ఈ పని మొత్తం మేము ఎట్ల చేస్తమో మొదటిసారి పల్లి పెట్టినోళ్ల కోసం రాస్తున్న, ముఖ్యంగ పట్నం నుంచి తిరిగొచ్చి ఎవుసం చేస్తున్న పిల్లల కోసం.

ముందుగాల ఏ రోజు పీకాలె అన్నది. క్యాలెండర్ చూసి పీకొద్దు. విత్తనం సంచి మీద 105 రోజులు, 110 రోజులు అని రాసి ఉంటది గానీ యాసంగిల చలి గట్టిగ పడితే ఇంకో పది రోజులు ఎక్కువే పడ్తది, కదిరి-6 రకం అయినా ఇంకోటి అయినా అంతే. ఆకు చూసి కూడ పీకొద్దు, ఎందుకంటే తిక్క తెగులు గట్టిగ వచ్చిన చేన్ల కాయ ముదరకముందే ఆకు మచ్చలు పడి రాలిపోతది, చూసినోళ్లు చేను పండింది అనుకుంటరు. కాయ పగలగొట్టి చూసుడు ఒక్కటే దారి. చేను నడుమల రెండు చోట్ల, నీళ్లు ఎక్కువ పారే కాడ ఒక చోట, గట్టు పక్క ఒక చోట, ఇట్ల ఆరేడు చెట్లు పీకి వాటికున్న కాయలన్ని తెంపాలె, మంచియి ఏరి తెంపుడు కాదు, ఉన్నయన్ని. పగలగొట్టి బుడ్డ (కాయ పైపెంకు) లోపలి పొర చూడాలె. తెల్లగ దూది లెక్క ఉంటే లేత కాయ. గోధుమ రంగు, నలుపు మరకలు వడితే ముదిరింది. గింజ పైపొర కూడ లేతదాంట్ల తెల్లగ నీళ్ల నీళ్లగ ఉంటది, ముదిరినదాంట్ల ఆ రకానికున్న అసలు రంగు వస్తది, పొర పలుచగ గింజకు అంటుకొని ఉంటది. నూటికి 75 కాయలు లోపల నల్లబడితే ఇగ పీకొచ్చు. మా మామ అయితే రోజు పొద్దుగాల పోయి రెండు చెట్లు పీకి జేబుల కాయలు ఏసుకొనొచ్చి అరుగు మీద కూసొని పగలగొడ్తడు, ఆయన సరే అనేదాక మేము కైకిలోళ్లకు చెప్పం.

తొందరపడితే ఏమైతదంటే గింజ ముడుచుకపోతది, నూనె తక్కువ, తూకం తక్కువ. ఆలస్యం చేస్తే ఇంకో తిప్పలు. మనం పెట్టే గుత్తి రకాలల్ల (నేల మీద పాకకుండ గుబురుగ నిలబడేటియి) చాన వాటికి నిద్ర ఉండదు, అంటే గింజ ముదరంగనే తడి దొరికితే మొలకెత్తుతది, నేలల ఉండంగనే. పైగ ఊడ (కాయను చెట్టుకు పట్టి ఉంచే కాడ) ఎండి పుటుక్కున తెగుతది, చెట్టు చేతికొస్తది, కాయ భూమిలనే ఉంటది. అందుకే కాయ పండినంక వారానికి మించి చేన్ల ఉంచొద్దు.

ఇగ నేల పదును. చెల్క భూమి తడి ఉన్నప్పుడు వెన్న, ఎండినంక రాయి. మేము ఒక ఏడు, పీకుడుకు ఇరవై రోజుల ముందల మోటర్ కాలిపోయింది, బాగు చేయించుకునేసరికి పన్నెండు రోజులు పట్టింది, అప్పటికి నేల బిగుసుకపోయింది, ఎనిమిది రోజులకు పీకేది కదా మళ్ల నీళ్లెందుకు అని అట్లనే పీకినం. సగం కాయలు భూమిలనే ఉండిపోయినయి. తర్వాత వారం రోజులు అందరం కొంకి పట్టుకొని కూసుండి తవ్వుకున్నం, తవ్విన కాయలల్ల సగం గాటు పడ్డయే. అప్పటి నుంచి పీకే ముందల ఒక తేలికపాటి తడి తప్పకుండ ఇస్తం, స్ప్రింక్లర్ గంట, గంటన్నర తిప్పి ఒక రోజు, రెండు రోజులు ఆరనిస్తం. ఎంత పదును ఉండాల్నో చేతితోనే తెలుస్తది, చెట్టు మొదలు పట్టి గుంజితే కాయలతోని సహా రావాలె, దులిపితే మన్ను రాలాలె. మన్ను ముద్ద ముద్దగ కాయకు అంటుకుంటే ఇంకో పూట ఆగాలె.

నీళ్ల గురించి ఇంకో ముచ్చట, ఇది చానమందికి తెల్వది. ఆఖరి నెల చేను నీళ్లకు మాడితే కాయ చిన్నగైతదని అందరికీ తెలుసు, కానీ ఆ ఎండిన వేడి నేలలనే బూజు కాయలకు ఎక్కుతది. పైకి ఏం కనపడదు. ఆ బూజు ముచ్చట కింద చెప్త. ఇప్పటికి ఇది గుర్తుపెట్టుకోండి, బోరు తక్కువ పోస్తే మూడెకరాలకు సగం సగం పారిచ్చే బదులు రెండెకరాలకు పూర్తిగ పారియ్యండి.

పీకే రోజు. పొద్దుగాల ఆరింటికే చేన్ల ఉండాలె, పదకొండు దాటితే ఫిబ్రవరిలనే ఎండ మెడ మీద కొడ్తది, మార్చి పడితే ఇంకెక్కువ. మేము పదిమంది ఆడోళ్లను పిలుస్తం, ఊర్లనే గుంపులున్నయి, ఒకరి చేనుకు ఒకరు పోతం, నేను కూడ వాళ్ల చేన్లకు పోత. కూలి సంగతి ముందల రోజే తేల్చుకోండి, దినం కూలా, ఎకరం గుత్తనా, చాయ ఎవరిది, ఆటో కిరాయి ఎవరిది, అన్ని. చేను నడుమల నిలబడి ఆ మాట మాట్లాడుకుంటే మనసులు కష్టపడ్తయి. నీళ్లు మాత్రం చేను మనదైతే మనమే పెట్టాలె, రెండు పెద్ద కుండలు చెట్టు కింద, పూటకొకసారి మజ్జిగ. మా అత్తమ్మ ఆ రోజులల్ల జొన్న అంబలి కాస్తది, ఉల్లిగడ్డ కొరుక్కుంట తాగితే మధ్యాహ్నం దాక కాళ్లు గుంజయి.

ట్రాక్టర్‌కు కట్టి పీకే మిషిన్లు కూడ వచ్చినయి. కూలోళ్లు దొరకని కాడ అదే దిక్కు, తప్పు లేదు. కానీ బ్లేడు లోతు సరిగ పెట్టకపోతే కాయలకు గాట్లు పడ్తయి, అందుకని మొదటి రెండు సాళ్లు నడిపినంక డ్రైవర్‌ను ఆపి వంగి చూడండి, పది కాయలు చేతిలకు తీసుకొని గాటు పడ్డయి ఎన్నో లెక్కపెట్టండి, ఎక్కువుంటే బ్లేడు ఇంకొంచెం కిందికి దించమనండి. సిగ్గుపడొద్దు, పైసలు మనం ఇస్తున్నం.

పీకిన చెట్టును రెండు దెబ్బలు దులిపి, తలకిందులు చేసి పెట్టాలె, ఆకు కిందికి, కాయ మీదికి. వరసలు వరసలుగ, పలుచగ. చానమంది పీకిన చెట్లన్ని మొదటి రోజే కుప్ప ఏస్తరు, దొంగలు వడ్తరనో పందులు వస్తయనో. ఇది మాత్రం చెయ్యొద్దు. పీకిన కాయల మూడొంతులల్ల ఒక వంతు కంటె ఎక్కువ నీళ్లే ఉంటయి, అట్లాంటిది కుప్పేస్తే మధ్యల వేడి పుడ్తది. నమ్మకపోతే ఎవరిదన్న పచ్చి కుప్పల చెయ్యి పెట్టి చూడండి, కుతకుతమంటది. ఆ వేడిల రెండు రాత్రులు ఉంటే కాయ రంగు పోతది, గింజ వాసన మారుతది. రెండు మూడు రోజులు వరసలల్లనే ఆరనిచ్చి, చెట్టును ఊపితే కాయ లోపల గింజ చప్పుడు మొదలైనంక తెంపాలె. చెడగొట్టు వాన మబ్బు కనపడితే అప్పుడు కుప్పెయ్యాలె, తప్పదు, కానీ నేల మీద కాదు, కట్టెలు పరిచి దాని మీద, కాయ లోపలికి ఆకు బయటికి వచ్చేటట్ల గుండ్రంగ పేర్చి పైన పరదా కప్పి, వాన వెలిసిన గంటకే విప్పి మళ్ల ఆరబెట్టాలె. మా అత్తమ్మ వాళ్ల కాలంల మూడు వెదురు బొంగులు గూడు లెక్క కట్టి వాటి మీద చెట్లు ఆరేసేటోళ్లు, గాలి అన్ని దిక్కుల తగిలేది, విత్తనం వరకు మేము ఇప్పటికీ అట్లనే చేస్తం.

వరసలు ఎత్తేటప్పుడు పైలం. కింద నీడ, తడి ఉంటది కాబట్టి తేళ్లు, కట్లపాములు చేరుతయి. చెయ్యి పెట్టే ముందల కట్టెతోని కదిలియ్యాలె. పిల్లలను వరసల మీద ఆడనియ్యొద్దు. ఏదన్న కుడితే, కరిస్తే మంత్రం అని టైం పాడు చెయ్యకుండ నేరుగ దవాఖానకు పోవాలె.

రాత్రి కావలి ఇంకో పని. నల్లమల అంచున ఉన్నోళ్లకు అడివిపందుల బాధ చెప్పేదేముంది, ఒక్క మంద వస్తే తెల్లారేసరికి పావెకరం దున్నినట్లుంటది. మా ఆయన, మా మామ వంతులేసుకొని మంచె మీద పండుకుంటరు, డబ్బా కొడ్తరు, లైటు కొడ్తరు, చేను చుట్టు పాత చీరలు కడ్తం. ఒక్కటి చేతులు జోడించి చెప్తున్న, కరెంటు తీగ పెట్టొద్దు. పందుల కోసం పెట్టిన తీగకు మనుషులు పోయిన ముచ్చట ఏటేటా వింటనే ఉన్నం, చీకట్ల మోటర్ వేసెటందుకు పోయే పక్క చేను రైతే ముందు తగులుతడు. పది బస్తాల పల్లి పోతే వచ్చే ఏడు మళ్ల పండుతది.

ఇప్పుడు కాయ తెంపుడు. ఇక్కడ మేము పంటను మూడు భాగాలు చేస్తం, ఇది మా ఇంటి పద్ధతి, మీకు నచ్చితే చెయ్యండి. విత్తనానికి, తినెటందుకు, అమ్మెటందుకు. విత్తనం భాగం పీకక ముందలనే నిర్ణయం అయితది, చేన్ల తెగులు తగలని, కాయ నిండుగ ఉన్న, ఒకే తీరు చెట్లున్న జాగ చూసి చుట్టు నాలుగు కట్టెలు పాతుతం. ఆ జాగల చెట్లు వేరే పీకి, వేరే ఆరబెట్టి, చేతితోనే తెంపుతం. మిషిన్ల వేస్తే పైకి బుడ్డ మంచిగనే ఉంటది గానీ లోపల గింజ దెబ్బతింటది, పొర చిట్లుతది, అది మొలవదు. అమ్మేదానికి మిషిన్ పెట్టుకోండి, ఫర్వాలేదు, గంటల పని. కాకపోతే మిషిన్ నుంచి వచ్చిన కాయలను గాలికి తూర్పారబట్టి, తాలు కాయలు, మట్టి పెడ్డలు, పగిలిన బుడ్డలు ఏరి పక్కకు పెట్టాలె. పగిలిన బుడ్డ మంచిదాంట్ల కలిపితే దాని బూజు పక్కదానికి అంటుతది.

కల్లంల ఆరబెట్టుడు. మట్టి నేల మీద వొద్దు, రాత్రి నేల తడి కాయ గుంజుకుంటది. తారు రోడ్డు మీద అసలే వొద్దు, కాయల చుట్టు పెట్టిన రాళ్లు రాత్రి పూట బండ్లోళ్లు చూడక పడ్తరు, ఇంకా ఆ తారు వేడికి గింజ ఉడుకుతది. పరదా పరిచి రెండు మూడు అంగుళాల మందానికి మించకుండ పోసి రోజుకు నాలుగైదు సార్లు కాళ్లతోని సాళ్లు తీసినట్ల కలపాలె, పిల్లలకు ఈ పని ఇష్టం. మాపటికి ఎండ దిగినంక, కాయ చల్లబడినంక కుప్ప చేసి కప్పాలె, మంచు పడొద్దు. వేడి మీద కప్పితే పరదా కింద చెమట పట్టి పొద్దుగాలకు పై కాయలు తడి తడిగ ఉంటయి, రోజంత ఆరబెట్టింది ఉత్తగ పోతది. పొద్దుగాల మంచు ఆరినంకనే పరదా తియ్యాలె. ఇట్ల నాలుగైదు రోజులు, ఎండ తక్కువుంటే వారం.

ఎండిందని ఎట్ల తెలుస్తది? లోపల తడి ఎనిమిది, తొమ్మిది శాతానికి రావాలె. మార్కెట్ యార్డుల తేమ మిషిన్ ఉంటది, పిడికెడు తీసుకపోయి చూపించుకోవచ్చు. ఇంట్ల అయితే, కాయ చెవి కాడ ఊపితే గలగలమనాలె, గింజ పంటి కింద వంగకుండ టక్కుమని విరగాలె, రెండు వేళ్ల నడుమ నలిపితే పొర పొట్టు లెక్క ఊడాలె. మూడూ అయితేనే బస్తాకెత్తాలె. ఒకటి అయి రెండు కాకపోతే ఇంకో ఎండ.

విత్తనం కాయలు మాత్రం నడి ఎండల పెట్టొద్దు. ఇది మేము దెబ్బతిని నేర్చుకున్నది. ఒక ఏడు పీకుడు ఆలస్యమై మార్చి ఆఖరికి పడ్డది, విత్తనం కాయలు కూడ స్లాబు మీద మిగతా వాటితో పాటే పోసినం, మస్తు ఎండినయి, చూడ ముచ్చటగ ఉన్నయి. జూన్‌ల విత్తితే పదింటికి నాలుగు కూడ మొలవలే. గింజ లోపల పాణం ఆ స్లాబు వేడికే పోయింది. 40 డిగ్రీలు దాటిన వేడి విత్తనం పల్లికి పడదు. ఇప్పుడు విత్తనం కాయలు పొద్దుగాల తొమ్మిదిన్నర దాక, మళ్ల సాయంత్రం నాలుగు తర్వాత ఎండల పెడ్తం, నడుమల మామిడి చెట్టు నీడకు గుంజుతం. రెట్టింపు రోజులు పడ్తది, పట్టనియ్యండి.

ఇప్పుడు బూజు ముచ్చట, నేను ఇది రాసుడే దీని కోసం. 1960ల ఇంగ్లండ్‌ల లక్షకు పైగ టర్కీ కోళ్లు ఒకేసారి సచ్చిపోయినయి, రోగం ఏందో ఎవరికీ అంతుబట్టలే, వెతికి వెతికి చూస్తే వాటికి పెట్టిన దాణాల పల్లి చెక్క ఉంది, ఆ చెక్కల బూజు ఉంది, ఆ బూజు విడిచిన విషం ఉంది. దాని పేరు అఫ్లటాక్సిన్. పచ్చగ, పసుపుపచ్చగ పల్లి మీద పొడి లెక్క కనపడే బూజే అది పుట్టించేది. ఎక్కువ కాలం తింటుంటే కాలేయానికి క్యాన్సర్ తెస్తదని తేలింది. మన దేశంల నేరుగ తినే పల్లీలల్ల కిలోకు పది మైక్రోగ్రాములు దాటొద్దని నియమం ఉంది, యూరప్ దేశాలోళ్లు అయితే నాలుగు దాటితే సరుకు వాపస్ పంపుతరు. మైక్రోగ్రాము అంటే గ్రాముల పది లక్షల వంతు, అంత చిన్నదానికి అంత భయపడ్తరు అంటే ఆలోచించండి.

మన ఇండ్లల్ల ఏమైతదంటే, మంచి పప్పు అమ్ముతం, కొంచెం మంచిది తింటం, నల్లబడ్డది, ముడుచుకున్నది, బూజు వాసన వచ్చేది అంత ఒక సంచిల పోసి "నూనెకు పనికొస్తది" అని గానుగకు తీసుకపోతం. మా ఇంట్ల కూడ ఏండ్ల తరబడి అదే చేసినం. కానీ కట్టె గానుగల పిండిన నూనె వడగట్టుడే తప్ప ఫ్యాక్టరీల లెక్క శుద్ధి చెయ్యరు, విషం కొంత నూనెల ఉంటది, మిగిలింది చెక్కల ఉంటది, ఆ చెక్క పాలిచ్చే బర్రెకు పెడ్తం, బర్రె పాలల్లకు వస్తది, ఆ పాలు పిల్లలు తాగుతరు. ఏంచినా, ఉడకబెట్టినా అది పూర్తిగ పోదు, వేడికి తట్టుకుంటది. అందుకే ఇప్పుడు మేము ఏరిన చెడ్డ పప్పును గానుగకు పంపం, బర్రెకు పెట్టం, కోళ్లకు వెయ్యం, చేను మూలకు తీసుకపోయి కాలబెడ్తం. మా అత్తమ్మకు మొదట్ల మనసు ఒప్పలే, పండిన గింజను కాలబెట్టుడేందని, ఆమె మాటల న్యాయం ఉంది, ఆమె చూసిన కరువులు వేరు. మెల్లమెల్లగ ఒప్పుకున్నది, ఇప్పుడు ఏరుట్ల అందరికన్న ఆమె కన్నే పదును. రంగు మారినది, ముడుచుకున్నది, పురుగు తొలిచినది, పొర కింద పచ్చగ ఉన్నది, నోట్ల వేస్తే చేదు తగిలినది, ఇవన్ని పక్కకు. చేదు పప్పు మింగొద్దు, ఉమ్మెయ్యండి.

అమ్మకం గురించి నేను చెప్పేది తక్కువ, ధరలు నా చేతిల లేవు. 2025-26కు కేంద్రం పెట్టిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు ఉండె, మీరు అమ్మే ఏటి ధర తెలుసుకొని, అది మనసుల పెట్టుకొని యార్డుకు పోవాలె. పోయే ముందల ఇంట్లనే పప్పు శాతం చూసుకోండి, బస్తాల నుంచి కలగలిపి కిలో కాయలు తూకం వేసి, ఒలిచి, గట్టి పప్పు ఒక దిక్కు, తాలు పప్పు ఒక దిక్కు తూస్తే 700 గ్రాముల దగ్గర గట్టి పప్పు వస్తే మంచి సరుకు అన్నట్లు. ఆ లెక్క మన దగ్గర ఉంటే కొనెటాయన పిడికెడు పగలగొట్టి ఏదో చెప్తే మనం కూడ మాట్లాడగలుగుతం. ఒకసారి ఒక వ్యాపారి మా కుప్ప మీద అంచు నుంచి తాలు కాయలు ఏరి పగలగొట్టి ధర తగ్గించిండు, మా ఆయన ఏం అనలేక ఇచ్చొచ్చిండు, ఆ బాధ ఇంక పోలే. ఇప్పుడు ఒలిచిన పప్పు ఒక పొట్లంల కట్టి, తూకాలు కాగితం మీద రాసి వెంట తీసుకపోతం. ఇంకోటి, తూకం పెరుగుతదని గాని, మిషిన్ల పప్పు పగలదని గాని కాయల మీద నీళ్లు చల్లొద్దు, ఎవరు చెప్పినా సరే. నెల రోజుల కష్టం ఆ బకెట్ నీళ్లతోని బూజు పాలైతది, తినేటోళ్లెవరో మనకు తెల్వదు గానీ వాళ్లకూ పిల్లలుంటరు.

తినే భాగం సంగతి. పీకిన రోజు పచ్చి కాయలు ఉప్పేసి ఉడకబెట్టుకోండి, ఆ రుచి మళ్ల ఏడాది దాక దొరకదు. చేన్లనే ఎండిన ఆకు, పుల్లలు పోగేసి మంట పెట్టి కాల్చుకునే కాయలు పిల్లలకు పండుగ. పల్లీల తొక్కు, పల్లి పొడి జొన్న రొట్టెల్లకు ఏడాది పొడుగుతా కావాలె కాబట్టి మేము తినెటందుకు నాలుగు బస్తాలు ఉంచుకుంటం, ఇంకో మూడు బస్తాలు గానుగకు. ఒలిచిన పప్పు ఎక్కువ రోజులు నిలవదు, కాయగనే దాచి నెలకు సరిపడ ఒలుచుకోవాలె, బుడ్డ ఉన్నంత కాలం గింజకు అదే కవచం.

పల్లి కట్టె పారెయ్యొద్దు, కాలబెట్టొద్దు, పశువులకు ఇంత బలమైన మేత వేసవిల ఇంకోటి దొరకదు. మంచిగ ఎండినంక వామేస్తం, మన్ను దులిపి పెట్టాలె, బూజు పట్టిన కట్టె వెయ్యొద్దు. చేన్ల మిగిలిన కాయలకు పరిగె ఏరెటందుకు ఊర్ల ముసలోళ్లు, పిల్లలు వస్తరు, మేము ఎవర్నీ కాదనం, అది ముందటి నుంచి ఉన్న పద్ధతి. వాళ్లు ఏరినంక గొర్ల మందను రెండు రాత్రులు పండవెట్టిస్తే చేనుకు ఎరువు.

ఇగ దాచుడు. ఇక్కడ ఒక ముచ్చట చెప్తే మా ఊరోళ్లు ఆశ్చర్యపోయిండ్రు. పల్లికాయకు చిన్న గుండ్రటి రంధ్రం పెట్టే పుచ్చు పురుగు ఉంటది కదా, దానికి చింతకాయ కూడ ఇల్లే. చింతపండు కొట్టేది కూడ ఈ ఎండాకాలంలనే, ఒకే అర్రల ఒక మూలకు చింతకాయ, ఒక మూలకు పల్లి బస్తాలు పెడ్తం, పురుగు అటు నుంచి ఇటు వస్తది. మా ఇంటెనుక చింత చెట్టు కిందనే ముందు కల్లం ఉండేది, అది మార్చినం, చింతపండు అర్ర వేరే చేసినం, పుచ్చు చాన తగ్గింది. బస్తాలు కొత్తయి, లేకుంటే ఉడుకు నీళ్లల్ల ముంచి ఎండబెట్టిన పాతయి వాడాలె. నేల మీద నేరుగ కాదు, రాళ్లు పెట్టి చెక్కలు పరిచి వాటి మీద, గోడకు జానెడు ఎడంగ, వానాకాలం గోడ చెమర్చినా బస్తాకు తగలకుండ. విత్తనం వరకు గాలి చొరని పొరల సంచులు దొరుకుతయి, కొంచెం ఖర్చే గానీ మూతి గట్టిగ కడితే లోపల పురుగు ఊపిరాడక సస్తది, ఎలుక మాత్రం కొరుకుద్ది, చూసుకోవాలె. నెలకొకసారి ఒక బస్తా విప్పి వాసన చూడండి, పొడి రాలుతుందేమో చూడండి.

విత్తనం ఎందుకింత గోల అంటే, ఎకరానికి 60, 70 కిలోల గింజ కావాలె, పల్లి ఎవుసంల పెద్ద ఖర్చు అదే, దసరా ముందల కొనబోతే ఆ ధరకు కండ్లు తిరుగుతయి. యాసంగిల తీసిన విత్తనం మళ్ల దసరా దాక ఏడెనిమిది నెలలు ఎండ, వాన రెండూ దాటాలె, చానసార్లు దాటదు. అందుకని మేము దాన్ని నడుమల ఒకసారి మారుస్తం, ఫిబ్రవరిల దాచిన కాయలను జూన్‌ల మృగశిర కార్తె వానలకు అరెకరంల విత్తి, దసరా నాటికి వచ్చిన తాజా కాయలను యాసంగికి వాడుకుంటం. అరెకరం వానాకాలం పల్లి పెద్దగ మిగలబెట్టదు, కానీ విత్తనం కొనే బాధ తప్పిస్తది. పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం మాకు దగ్గర, రకం మార్చాలనుకుంటే అక్కడికి పోయి అడుగుతం, తోటి రైతు చెప్పిండని దుకాణంల తెచ్చుకునే బదులు అది మేలు.

మే ఆఖరికి, విత్తే ముందల, మొలక పరీక్ష చెయ్యాలె, ఇది పెద్ద పనేం కాదు. విత్తనం బస్తాలల్ల కెళ్లి కలగలిపి కాయలు తీసి చేతితో ఒలిచి వంద గింజలు లెక్కపెట్టండి, మంచియి ఏరకుండ వచ్చినయి వచ్చినట్లు. తడిపిన గోనె సంచి మీద వరసగ పేర్చి, సంచి చుట్టచుట్టి నీడకు పెట్టి రోజు రెండు పూటల నీళ్లు చిలకరియ్యాలె. వారం, పది రోజులకు విప్పి గట్టి మొలక వచ్చినయి లెక్కపెట్టండి. 70 దాటితే విత్తుకోవచ్చు, 60 వస్తే గింజలు ఎక్కువేసి విత్తుకోవచ్చు, 50 లోపల వస్తే ఆ బస్తా విత్తనానికి పనికిరాదు, పప్పు ఏరి మంచిది గానుగకు పంపి వేరే విత్తనం ఎతుక్కోవాలె, వాన పడక ముందలనే తెలుస్తది కాబట్టి ఎతుక్కునే టైం ఉంటది. నిరుడు మాకు 82 వచ్చినయి, మా అత్తమ్మ ఆ మొలకెత్తిన గింజలు పారెయ్యనియ్యలే, తీసుకపోయి మామిడి చెట్ల నడుమ పాదులల్ల గుచ్చింది.